అంకెల కెమెరాతో మా అనుభవాలు

(ఉగాది సాయంసభలో చేసిన ప్రసంగం)



ఇంతవరకు ఈ వేదికపై మాట్లాడినవారు పండితులు. ఉదయం పంచాంగ శ్రవణం చేసినవారు శాస్త్రం చదువుకున్నవారు. మా సంగతి వేరు. మేము వృత్తిచేత ఫోటోగ్రాఫర్లం కాము. సెలవు దొరికితే కెమెరా మెడకు తగిలించుకుని తిరగడం మాకొక పిచ్చి. ఆ పిచ్చికి ఇరవై ఏళ్లు నిండవస్తున్నవి. "ఏది కొంటే మేలో, ఏది దండుగో మనవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పవయ్యా" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. ఆ నాలుగు ముక్కలూ చెప్పి, చివర ఒక విన్నపం చేసుకుని సెలవు తీసుకుంటాము.

మా ఇంట మొదటి కెమెరా మా నాన్నగారి అగ్ఫా క్లిక్-3. నల్లని చిన్న పెట్టె. 120 రీలు వేస్తే పన్నెండే బొమ్మలు వచ్చేవి. ఆ పన్నెండింటినీ నాన్నగారు ఏడాది పొడుగునా దాచుకుని వాడేవారు. ఉగాదికి ఒకటి, సంక్రాంతికి ఒకటి, ఎవరికైనా పెళ్లి కుదిరితే రెండు. ఆయన "కదలకండి" అన్నారంటే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టేవారు. రీలు కడిగించి తెచ్చినరోజు మా వీధికంతటికీ పండుగే. ఒక్కొక్క బొమ్మకు అంత విలువ ఉండేది.

అంకెల కెమెరా ఆ బిగువును సడలించినది. దీని పుట్టుక మనం అనుకునేటంత ఇటీవలిది కాదు. వెలుగును విద్యుత్తుగా మార్చి పట్టుకునే సీసీడీ అనే సిలికాన్ బిళ్లను 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అనేవారు కల్పించినారు. అందుకు వారికి 2009లో నోబెల్ బహుమానం వచ్చినది. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు మొదటి అంకెల కెమెరా కట్టినాడు. బరువు మూడున్నర కిలోలపైనే. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు. ఆ బొమ్మలో చుక్కలు పదివేలు. ఈనాడు మన జేబులోని ఫోను కోటిచుక్కలు దాటిన బొమ్మను కనురెప్ప పాటులో తీస్తున్నది. ఆ కొడాక్ సంస్థే 2012లో దివాలా రక్షణ కోరవలసి వచ్చినది. కాలం అట్లా తిరుగుతుంది.

మేము 2007లో నికాన్ డీ40 కొన్నాము. ఆరు మెగాపిక్సెళ్ల కెమెరా. పొరుగువారు పది మెగాపిక్సెళ్లది కొని మమ్మల్ని జాలిగా చూసినారు. మాకూ కొంత చిన్నతనం తోచినమాట నిజమే. తరువాత కాగితం మీద లెక్క వేసి చూచినాము. ఆరు మెగాపిక్సెళ్లంటే అడ్డంగా 3008 చుక్కలు, నిలువుగా 2000. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు చాలు. అంటే పది అంగుళాల పొడవు, ఆరున్నర అంగుళాలకు పైబడిన వెడల్పు గల ప్రింటు నిక్షేపంగా వస్తుంది. మన గోడలమీద వేలాడే పటాలలో అంతకు మించినవి ఎన్ని ఉన్నవి? కాబట్టి మెగాపిక్సెళ్ల లెక్క చూసి కెమెరా కొనవద్దని మా మొదటి మాట.

రెండో మాట లెన్సు గురించి. మాకు తగిలిన మొదటి దెబ్బ ఇక్కడే. కెమెరాతోపాటు వచ్చిన 18-55 లెన్సు పగలు బాగా పనిచేసేది. రాత్రి మసకలో చేతులెత్తేది. ఒక మిత్రుడు 50 మి.మీ. లెన్సు, ఎఫ్/1.8 రకం కొనుక్కోమన్నాడు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్ను అంత పెద్దదని అర్థం. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 లోనికి దాదాపు పది రెట్లు వెలుగు వస్తుంది. ఆ సంగతి విని సంబరపడి, పాత రకం లెన్సు చవకగా దొరికిందని తెచ్చి తగిలించినాము. ఎంత నొక్కినా ఫోకస్ తిరగదు! ఆ పాత లెన్సును తిప్పే మోటారు కెమెరా కడుపులో ఉండాలి. మా డీ40లో అది ఉండదు. ఆ విషయం కెమెరాతో వచ్చిన పుస్తకంలో స్పష్టంగా అచ్చువేసి ఉన్నది. చదవకపోవడం మా తప్పు. చివరకు చేత్తో తిప్పి ఫోకస్ చేయడం నేర్చుకున్నాము. ఎనిమిదేళ్ల తరువాత మోటారు గల మరొక కెమెరా కొన్నప్పుడు ఆ లెన్సుకు ప్రాణం లేచివచ్చినది. నేటికీ ఇంట్లో పిల్లల ముఖాలు తీయడానికి దానినే వాడుతున్నాము. కెమెరాలు మారిపోతవి, మంచి లెన్సు కంచుచెంబు వంటిది, తరాలు నిలుస్తుంది.

ఇక రాత్రి ఫోటోల సంగతి. మన బరంపురంలో రెండేళ్లకొకసారి వచ్చే బుఢీ ఠాకురాణీ యాత్ర మీ అందరికీ తెలిసినదే. అమ్మవారు పుట్టింటికి వచ్చినన్ని రాత్రులూ ఘటాలు వీధులవెంట కదలడం, పులివేషాలు, డప్పుల మోత, ఆ జనం - ఫోటో తీసేవానికి అంతకంటె విందు ఏమున్నది? మొదటిసారి మేము కెమెరా మీది చిన్న ఫ్లాష్‌ను నమ్ముకుని వెళ్లినాము. ముందున్నవారి వీపులు సున్నం కొట్టినట్టు తెల్లగానూ, వెనుకనున్న ఘటం కాటుకలాగానూ వచ్చినవి. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాల్గవ వంతుకు పడిపోతుంది గదా! రెండోసారి ఫ్లాష్ ఆపివేసి, చేతి వణుకును సర్దే యంత్రం గల లెన్సు తీసుకుపోయినాము. దీపాలు నిలకడగా వచ్చినవి గాని పులివేషగాడు పొగలాగా కరిగిపోయినాడు. ఆ యంత్రం మన చేతి వణుకును మాత్రమే ఆపగలదు. ఎదుటివాని గంతును ఆపలేదు. మూడోసారి ఆ 50 మి.మీ. లెన్సే పట్టుకుని, ఐఎస్ఓ 1600 పెట్టి, సెకనులో 200వ వంతు వేగంతో తీసినాము. బొమ్మమీద కాస్త ఇసుక చల్లినట్టు గరుకు వచ్చినది. కాని పులి కన్నులు, చెమట, మీసం - అన్నీ వచ్చినవి. బొమ్మ గరుకుగా వచ్చినా ఫరవాలేదు, కరిగిపోతే మాత్రం ఏమీ చేయలేము. వీధిదీపాల పసుపు రంగు విసిగిస్తుందనేవారు బొమ్మను 'రా' పద్ధతిలో దాచుకుంటే, ఇంటికి వచ్చిన తరువాత ఆ రంగును తీరికగా సరిచేసుకోవచ్చు.

పక్షుల పిచ్చి పట్టినవారు మనలో కొందరున్నారు. చలికాలంలో చిలికా సరస్సుకు దూరదేశాల నుంచి వచ్చే బాతులనూ, రాజహంసలనూ తీయాలని మేమూ రంభ దగ్గర పడవ ఎక్కినాము. 70-300 లెన్సు తీసుకుపోయినాము. చిన్న బిళ్ల గల మా కెమెరాలో 300 మి.మీ. లెన్సు 450 అంత దూరం లాగినట్టు చూపుతుంది. అయినా పక్షులు ఆవగింజలుగానే వచ్చినవి. పడవ ఊగడం ఒకటి, ఎండ ఎక్కినకొద్దీ నీటిపై గాలి మరగడం మరొకటి. మధ్యాహ్నం ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా బొమ్మ ఆవిరి చాటున చూచినట్టే ఉంటుంది. తెల్లవారుజామున వెళ్లండి, ఇంజను ఆపించి పడవను తేలనివ్వండి, సెకనులో వెయ్యవ వంతుకు తగ్గకండి. ఒక మిత్రుని 200-500 లెన్సును ఒకపూట మోసి చూచినాము. రెండు కిలోలపైన బరువు. బొమ్మలు అద్భుతం, భుజం మూడురోజులు పనిచేయలేదు. మాకది వద్దనుకున్నాము.

ఋషికుల్య ముఖద్వారం మాట కూడా చెప్పాలి. శీతకాలం చివర వేలకొద్దీ తాబేళ్లు అక్కడ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తవి. సుమారు ఏడు వారాలకు పిల్లలు ఇసుక చీల్చుకుని బయటపడి, ఎక్కడ వెలుగు కనబడితే అటు నడుస్తవి. సముద్రం మీది వెలుగే వాటికి దారి. అక్కడ మనం ఫ్లాష్ వేసినా, ఫోను దీపం వెలిగించినా అవి దారి తప్పి ఊరివైపు పాకి చస్తవి. మేము ఒక రాత్రంతా కెమెరా సంచి విప్పకుండా ఒట్టి కళ్లతో చూచి వచ్చినాము. అటవీశాఖవారి అనుమతితో దూరంగా నిలబడి, తెల్లవారిన తరువాత నాలుగు బొమ్మలు తీసినాము. తీయని ఫోటోలలో మాకు మిక్కిలి ఇష్టమైనవి ఆ రాత్రివే.

పరికరాల పోషణ గురించి. గోపాలపురం ఒడ్డున గాలిలో లెన్సు మార్చడం మేము చేసిన మరొక బుద్ధితక్కువ పని. లోపలి బిళ్లమీద దుమ్ము పడి ప్రతి ఆకాశంలోనూ నల్లచుక్కలు వచ్చినవి. అది చాలక నోటితో ఊదినాము, తుంపర పడినది. బాగుచేసేవానికి ఇచ్చుకున్న డబ్బుతో నాలుగు రబ్బరు ఊదుడుబుడ్లు వచ్చేవి. సముద్రపు ఒడ్డుకు వెళ్లేటప్పుడు ఒక్క లెన్సే తగిలించుకుని వెళ్లండి. వచ్చినవెంటనే మెత్తని బట్టను కాస్త తడిపి పిండి పైన ఉప్పు తుడవండి.

మన తీరప్రాంతపు తేమకు లెన్సులో బూజు పడుతుంది. సాలెగూడువంటి ఆ తెల్లని పోగు అద్దంపై పూతను తినివేస్తుంది. తోలు సంచిలో ఏళ్లతరబడి మూసిపెట్టడం దానికి విందు పెట్టినట్టే. గాలి చొరని మూతగల ప్లాస్టిక్ డబ్బా, దానిలో సిలికా జెల్ పొట్లం, తేమ చూపే చిన్న గడియారం - ఇంతే చాలు. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. అన్నిటికంటె మంచి మందు, నెలకొకసారైనా లెన్సును బయటికి తీసి వాడటం.

ట్రైపాడ్ స్టాండు చవకది కొని, అది గాలికి ఊగితే మరొకటి, అదీ విరిగితే మూడోది కొన్నాము. మొదటే మూడోది కొని ఉంటే రెండిటి ధర మిగిలేది. స్టాండు మీద పెట్టినప్పుడు రెండు సెకన్ల టైమరు వాడండి. వేలి కుదుపు కూడా తప్పుతుంది. ఫ్లాష్ కొనదలిస్తే తల తిరిగే రకం కొని తెల్లని కప్పువైపు తిప్పండి. ఇంటి శుభకార్యాలలో ముఖాలు మెత్తగా వస్తవి. బాటరీలు, మెమరీ కార్డుల దగ్గర మాత్రం బేరమాడవద్దు. ఒక తీర్థంలో చవకగా కొన్న కార్డు పైన రాసినంత పట్టదని, మా మేనకోడలి సీమంతం సగం పోయిన తరువాత తెలిసినది. పాపం, ఆ పిల్ల ఈనాటికీ ఒక్కమాట అనలేదు. అందుకే మాకు మరీ బాధ.

ఇకపై చెప్పేది కొనుగోలు మాట కాదు. దయచేసి కాస్త చెవి ఒగ్గండి.

2011 దసరాకు ఒక మిత్రుని వద్ద దగ్గరి వస్తువులు తీసే 60 మి.మీ. మాక్రో లెన్సు ఎరువు తెచ్చినాము. దానిని పరీక్షించడానికి ఏమి తీయాలా అని చూచి, నాయనమ్మ ట్రంకుపెట్టెలోని పాత ఫోటోలను తీసినాము. నలభై ఒకటి తీసేసరికి సాయంకాలమైనది. పెట్టెలో ఇంకా వందకు పైగా ఉన్నవి. "మిగతావి మళ్లీ చూద్దాంలే" అనుకున్నాము. నాయనమ్మ పక్కనే కూర్చుని ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి, "ఇది మా చిన్నక్క, ఇది మగ్గం ఇంటి కోడలు, ఇతగాడు రంగూను పోయి తిరిగి రాలేదు" అని చెబుతూనే ఉన్నది. మా ధ్యాసంతా ఫోకస్ మీదనే. ఊఁ కొట్టినాము, ఒక్క పేరు రాసుకోలేదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినది. మన ఊళ్లో ఆ రాత్రిని మరచినవారు లేరు. మా పెరటి గది రేకులు లేచిపోయినవి. తెల్లవారి చూస్తే ట్రంకుపెట్టె నిండా నీళ్లు. ఫోటోలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఇటుకలాగా అయినవి. విడదీయబోతే ముఖాలు ఊడివచ్చినవి. నాయనమ్మ ఆ ముద్దను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నది. "పోనీలే నాయనా, నువ్వు తీసినవున్నాయిగా" అన్నది. మరుసటి ఏడు ఆమె కాలం చేసినది.

మేము తీసిన ఆ నలభై ఒకటీ ఒకే హార్డ్ డిస్కులో ఉన్నవి. 2016లో ఒకనాడు ఆ డిస్కు టిక్కుటిక్కుమని రెండు నిముషాలు చప్పుడు చేసి ఆగిపోయినది. చూపించిన ప్రతి చోటా పెదవి విరిచినారు. నీటికి పోయినవి కొన్ని, యంత్రానికి పోయినవి కొన్ని. ఇక ఏమీ లేవనుకున్నప్పుడు, ఇచ్ఛాపురంలోని మా మేనత్త కబురు పంపింది. అప్పుడు మేము సరదాకు ప్రింటు వేయించి ఇచ్చిన తొమ్మిది బొమ్మలు ఆవిడ దేవుడి గదిలో కవరులో ఉన్నవట! ఆ తొమ్మిదే మా వంశానికి మిగిలిన పాత ముఖాలు. వాటిలో ఒక దానిలో ముగ్గురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నడుమనున్నది నాయనమ్మ. అటూ ఇటూ ఉన్నవారెవరో చెప్పగలవారు ఈనాడు లోకంలో లేరు. చెప్పినరోజున మేము ఫోకస్ చూసుకుంటున్నాము.

అందుచేత మా విన్నపం ఇది. మీ ఇళ్లలో పెట్టెలున్నవి. మన తాతముత్తాతలు గోదావరి నుంచో, శ్రీకాకుళం నుంచో మగ్గాలు మోసుకుని, వ్యాపారానికో, కొలువుకో ఈ ఊరు వచ్చినవారు. వారి ముఖాలు ఆ పెట్టెలలో ఉన్నవి. వాటిని నకలు తీయండి. పెద్ద కెమెరా అక్కరలేదు; నేటి ఫోను చాలు. ఎండ సూటిగా పడని వరండాలో బల్లమీద ఫోటో పెట్టి, ఫ్లాష్ ఆపి, సరిగ్గా పైనుంచి తీయండి. కెమెరా వంకర ఉన్నదో లేదో తెలియాలంటే ఫోటో మీద చిన్న అద్దం పెట్టండి. అద్దంలో లెన్సు నట్టనడుమ కనబడితే తిన్నగా ఉన్నట్టు. అద్దం తీసి బొమ్మ తీయండి. దీపాలు వాడితే రెండువైపులా ఏటవాలుగా పెట్టండి, మెరుపు రాదు.

తీసినదానిని మూడుచోట్ల దాచండి. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఛాయాచిత్రకారుడు చెప్పిన సూత్రం ఒకటున్నది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, అందులో ఒకటి వేరే ఊళ్లో. మాకు ఇచ్ఛాపురం మేనత్త చేసిన మేలు అదే. ఆ సూత్రం ఆవిడకు తెలియదు. ముఖ్యమైనవి ప్రింటు వేయించి చుట్టాలకు పంచండి.

అన్నిటికంటె ముందు పేర్లు రాయండి. ఇంటిపేరుతో సహా, ఎవరికి ఏమవుతారో, ఏ ఊరో రాయండి. పాత ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో రాయవచ్చు. బాల్‌పెన్ను గుచ్చుకుని ముందువైపు లేస్తుంది. నున్నని కొత్త కాగితమైతే కవరు మీద రాయండి. రాయడం కుదరకపోతే, పెద్దలు చెబుతున్నప్పుడు ఫోనులో వారి గొంతు పట్టి ఉంచండి. ఈ సభలోనే డెబ్బై, ఎనభై దాటిన అమ్మమ్మలు, తాతయ్యలు కూర్చుని ఉన్నారు. మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకుంటున్నారు. ఆ గొంతులో వారికి ఒక తెలుగు పేరు, ఒక తెలుగు ఊరు మిగిలినా మిగిలినట్టే.

వచ్చే ఆదివారం నుంచి నాలుగు ఆదివారాలు మేము సంఘం హాలులో మా కెమెరా, స్టాండు, దీపాలు పెట్టుకుని కూర్చుంటాము. కార్యదర్శిగారి అనుమతి అయినది. మీ పెట్టెలు తీసుకురండి. ఫోటోతోపాటు, దానిలోని ముఖాలు గుర్తుపట్టగల పెద్దలను కూడా వెంటబెట్టుకు రండి. మేము బొమ్మ తీస్తాము. ఈసారి మా పక్కన ఒక పిల్లవాడు పలకా బలపం బదులు నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని కూర్చుంటాడు. డబ్బు అక్కరలేదు. వచ్చేటప్పుడు ఇంట ఉగాది పచ్చడి మిగిలి ఉంటే మాత్రం కాస్త తెచ్చిపెట్టండి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.